నాటక పద్యాల ఎల్పీ 24/96లో మళ్ళీ: టేపు నుంచి ఫైలు దాకా ఒక కేస్ స్టడీ

పని ఇది: 1974లో విడుదలైన ఒక మోనో ఎల్పీని హై-రెస్ ఫైలుగా (24 బిట్, 96 కిలోహెర్ట్జ్) తిరిగి తేవడం. గుంటూరు ప్రాంతపు నాటక సమాజం పాడిన పౌరాణిక పద్యాలు, పక్కన హార్మోనియం, తబలా. రెండు వైపులా కలిపి 42 నిమిషాల 35 సెకన్లు. పని జరిగింది విజయవాడ గవర్నర్‌పేటలో, అడిగింది గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న గాయకుడి కుటుంబం. వాళ్ళు అప్పటికే ఇదే ఆల్బమ్‌ని 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ పేరుతో ఆన్‌లైన్‌లో కొని ఉన్నారు. "ఎల్పీలో నాన్నగారు రాగం తీసి ఆపితే గొంతు గాలిలో కాసేపు నిలబడేది. ఇందులో ఆపీ ఆపగానే తలుపు వేసేసినట్టుంది" అన్నది వాళ్ళ ఫిర్యాదు. ఆ ఒక్క వాక్యం చివరిదాకా దారి చూపింది.

కొన్న ఫైలులో ఏముంది

ధ్వనిలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో బొమ్మగా చూపే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాములో ఫైలు తెరవగానే, 22.05 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆ పైన 96 కిలోహెర్ట్జ్ దాకా నల్లటి ఖాళీ. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్ళు ఉంటాయి. అందులో సగం, 22,050 హెర్ట్జ్, సీడీ పట్టగల పైహద్దు. అంటే ఈ ఫైలు పుట్టింది సీడీ నుంచి. 192 అన్నది తర్వాత తొడిగిన అంకె.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 22 పైన ఏమీ లేనంత మాత్రాన ఫైలు నకిలీ అనుకోకూడదు, ఏదో ఉన్నంత మాత్రాన అసలుదీ అనుకోకూడదు. చూడాల్సింది ఆకారం. టేపు నుంచి నేరుగా వచ్చిన ఫైలులో హిస్, అంటే టేపు సొంత బుసబుస రొద, మెల్లగా వాలుగా దిగుతూ 22 దాటి పోతుంది. నిట్టనిలువు గోడ టేపులో పుట్టదు. ఎల్పీ నుంచి తీసిన ఫైలులో 30, 40 కిలోహెర్ట్జ్ దాకా గీతలు లేస్తాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం గీరల చిటపటలు, ముల్లు పుట్టించిన వక్రీకరణ. సూపర్ ఆడియో సీడీ కోసం చేసిన డీఎస్‌డీ మాస్టర్ నుంచి మార్చిన ఫైలులో 20ల పైన రొద కొండలా పెరుగుతుంది. అది ఆ పద్ధతి స్వభావం, మోసం కాదు.

బిట్ల పరీక్ష ఇంకా తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. సాక్స్ ప్రోగ్రాములో గణాంకాలు చూస్తే ఈ ఫైలు 24కి 24 బిట్లూ వాడుతున్నట్టే చూపింది. 16 బిట్ల ధ్వనిని 24లో పోసి ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తేనే కింది 8 బిట్లు సున్నాలుగా దొరికిపోతాయి. వాల్యూమ్ అర డెసిబెల్ మార్చినా లెక్కల తాలూకు దశాంశాలు వచ్చి ఆ కింది బిట్లను నింపేస్తాయి. అందుకే ఈ పరీక్షలో ఫైలు తప్పితే అది రుజువు, నెగ్గితే మాత్రం ఏ రుజువూ కాదు.

కుటుంబం చెప్పిన "తలుపు" ఎక్కడుందో 6 నుంచి 14 కిలోహెర్ట్జ్ మధ్య దొరికింది. గొంతు లేచినప్పుడు హిస్ కూడా లేస్తోంది, గొంతు ఆగిన 200 మిల్లీసెకన్లలోపే మాయమవుతోంది. హిస్ తగ్గించే ప్రాసెసింగ్ గట్టిగా పడిందనడానికి ఇది గుర్తు. రాగం చివర గదిలో మిగిలే మోతనూ, హార్మోనియం తిత్తి గాలినీ అది హిస్‌తో పాటే ఊడ్చేసింది. దాని మీద లిమిటర్ (శిఖరాలను అణిచే సాధనం) వేసి శబ్దం పెంచారు: కుటుంబం దగ్గరున్న పాత సీడీ సగటు గట్టితనం −18.5 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టితనానికి కొలమానం, సున్నాకి దగ్గరైన కొద్దీ గట్టి), ఈ ఫైలుది −10.8. డైనమిక్ రేంజ్ మీటర్‌లో సీడీ 12 చూపిస్తే ఫైలు 7 చూపించింది.

రెండిటినీ చెవితో పోల్చే ముందు గట్టితనం 0.2 డెసిబెల్ తేడాలోపు సరిచేయాలి. లేకపోతే ఏది గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు వినిపిస్తుంది. ఫూబార్ 2000 ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష (ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనడం) పెట్టి, 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా గుర్తుపడితేనే తేడా వినిపించినట్టు లెక్క. ఈ ఫైలుకీ సీడీకీ మధ్య ముగ్గురు విన్నారు, ముగ్గురూ 16కి 16 గుర్తుపట్టారు. బాగుందని ఎంచుకున్నది కూడా సీడీనే. పెద్ద అంకెలున్న ఫైలు చిన్న అంకెల సీడీ కన్నా నాసిరకంగా ఉండటం వింతేమీ కాదు. మాస్టరింగ్ పాడైతే ఆ నష్టాన్ని ఏ ఫార్మాటూ పూడ్చలేదు.

టేపులు

కుటుంబం దగ్గర ఎల్పీకి పంపిన మాస్టర్ తాలూకు కాపీ ఉంది: పావు అంగుళం వెడల్పున్న టేపు, ఏడంగుళాల స్పూళ్ళు రెండు, వైపుకి ఒకటి. వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. 1200 అడుగుల స్పూల్ ఈ వేగంలో 32 నిమిషాలు నడుస్తుంది, ఒక్కో వైపు 21 నిమిషాలకి సరిపోయింది. పెట్టె మీద పద్యాల మొదటి ముక్కలు తప్ప ఇంకేమీ రాసి లేవు. మెషిన్ సరిచేసుకోవడానికి పనికొచ్చే టెస్ట్ టోన్లు లేవు.

మొదటి స్పూల్ గోధుమరంగు పాలిస్టర్ టేపు, వెనక పూత లేదు. అతుకుల దగ్గర జిగురు ఎండి నాలుగు చోట్ల ఊడిపోయింది. పాత జిగురును తుడిచి, 45 డిగ్రీల కోతతో, టేపు కన్నా కాస్త సన్నగా ఉండే స్ప్లైసింగ్ టేపుతో మళ్ళీ అతికించాం. మామూలు సెల్లోటేపు వాడితే దాని జిగురు పక్క చుట్టకి కారుతుంది. ఈ టేపులోనే ఎప్పుడో ఎవరో అలా చేసిన చోట మూడు చుట్టలు అంటుకుని ఉన్నాయి.

రెండో స్పూల్ తర్వాతెప్పుడో వేరే టేపు మీద చేసిన కాపీ. వెనక నల్లటి పూత, చుట్ట విప్పుతుంటే చిన్న అంటుడు, హెడ్ దగ్గర కీచుమనే శబ్దం, పది సెకన్లకే గైడ్‌ల మీద గోధుమరంగు జిడ్డు. స్టిక్కీ షెడ్ అంటారు దీన్ని. ఆక్సైడ్‌ని పట్టి ఉంచే పాలీయురేథేన్ బైండర్ గాలిలోని తేమను పీల్చుకుని విడిపోతుంది. ఈ ప్రాంతపు ఆగస్టు తేమలో, అటక మీద ఏళ్ళ తరబడి ఉన్న టేపుకి ఇది రాకపోతేనే ఆశ్చర్యం. ఆ స్థితిలో మొత్తం ఆడించబోతే సంగీతమే హెడ్ మీద రాలిపోతుంది. శుభ్రం చేద్దామని వేరే స్పూల్‌కి చుట్టడం కూడా తప్పే.

దీనికి మందు వేడి. ల్యాబుల్లో వాడే థర్మోస్టాట్ ఇంక్యుబేటర్‌లో, ఉన్న స్పూల్ మీదే, బల్లపరుపుగా పెట్టి, 54 డిగ్రీల సెల్సియస్‌లో 8 గంటలు. నాలుగో గంటలో ఒకసారి తిరగేయాలి. తర్వాత మూత తీయకుండా మరో 8 గంటలు చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు: 54 పెడితే అది 80కి ఎగిరి మళ్ళీ దిగుతుంది, ప్లాస్టిక్ స్పూల్ వంగిపోతుంది. కాల్చిన టేపు కొన్ని వారాలే మాట వింటుంది, తేమ మళ్ళీ ఎక్కుతుంది. కాబట్టి మెషిన్ ముందే సిద్ధం చేసుకుని, చల్లారిన మొదటి రోజే రికార్డ్ చేశాం.

వేడి పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది, దీన్ని మరిచిపోతే టేపు పోతుంది. చుట్టను వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడాలి. పక్క నుంచి వెలుగు లోపలికి పారితే అది అసిటేట్. దాన్ని కాల్చకూడదు. పాలిస్టర్ చుట్ట వెలుగును ఆపేస్తుంది.

అజిమత్, ఈక్వలైజేషన్, వేగం

ఈ మూడూ సరిచేయకుండా 384 కిలోహెర్ట్జ్‌లో తీసినా వృథా. పని గంటల్లో సగం ఇక్కడే పోయింది.

టేపు ఫుల్ ట్రాక్ మోనో, అంటే వెడల్పంతా ఒకే ధ్వని; మెషిన్ హెడ్ రెండు ట్రాకులది. కాబట్టి ఒకే ధ్వని రెండు చానెళ్ళలో వస్తుంది. హెడ్ టేపుకి కచ్చితంగా నిటారుగా లేకపోతే (ఈ కోణమే అజిమత్) ఒక చానెల్ వెనకబడుతుంది. మొదట ఆడించినప్పుడు తేడా 96 కిలోహెర్ట్జ్ రికార్డింగులో 3 శాంపిళ్ళు, అంటే 31 మైక్రోసెకన్లు. వినడానికి ఏమీ అనిపించదు. కానీ రెండు చానెళ్ళనూ కలిపి మోనో చేస్తే 8 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గుతుంది, 16 దగ్గర ఒకదాన్నొకటి పూర్తిగా మింగేస్తాయి. అజిమత్ స్క్రూను తబలా అంచు దెబ్బల మీద, ఆసిల్లోస్కోప్‌లో గీత సన్నబడేదాకా తిప్పి, తేడాను శాంపిల్‌లో మూడో వంతుకి తెచ్చాం. రెండో స్పూల్‌కి మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. వేరే మెషిన్ మీద రికార్డయిన టేపుకి వేరే కోణం, ఒకసారి సరిచేసి వదిలేస్తే కుదరదు.

ఈక్వలైజేషన్ అంటే రికార్డింగులో పై, కింది స్వరాలను మార్చి, ఆడించేటప్పుడు తిరగేసి సరిచేసే వంపు. అది ఎన్‌ఏబీ ప్రమాణమా, ఐఈసీ ప్రమాణమా అని పెట్టె మీద లేదు. ఈ వేగంలో ఎన్‌ఏబీ 50 మైక్రోసెకన్లు, ఐఈసీ 70. ఐఈసీ టేపును ఎన్‌ఏబీలో ఆడిస్తే పై స్వరాలు దాదాపు 3 డెసిబెల్స్ మందగిస్తాయి, అడుగున 50 హెర్ట్జ్ దగ్గర మరో 3 పోతాయి. టోన్లు లేనప్పుడు సాక్షిగా ఎల్పీనే పిలిచాం, ఎందుకంటే ఎల్పీకి వాడే ఈక్వలైజేషన్, ఆర్‌ఐఏఏ వంపు, తెలిసినదే. ఒకే పద్యానికి టేపు సగటు స్పెక్ట్రమ్, ఎల్పీ సగటు స్పెక్ట్రమ్ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే, ఎన్‌ఏబీలో తీసిన టేపు 2.3 కిలోహెర్ట్జ్ దగ్గర కిందికి వాలడం మొదలై, ఆ పైన మెట్టులా 3 డెసిబెల్స్ తక్కువలో నిలిచింది. మెట్టు మొదలైన చోటు 70 మైక్రోసెకన్ల లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఐఈసీకి మార్చాక రెండు గీతలూ 12 కిలోహెర్ట్జ్ దాకా డెసిబెల్ లోపు కలిశాయి. ఎల్పీ కోసేటప్పుడు ఇంజనీరు చేయి వేసి ఉండవచ్చు కాబట్టి ఒక్క పద్యంతో తేల్చకూడదు. ఐదింటి మీద చూశాకే ఖాయం చేశాం.

వేగం అన్నిటికన్నా చిక్కు పెట్టింది. టేపులో హార్మోనియం ఆరు శ్రుతి మెట్టు 443 హెర్ట్జ్ పలికింది, ఎల్పీలో అదే మెట్టు 437.5. అర్ధస్వరాన్ని నూరు సెంట్లు చేస్తే తేడా 22 సెంట్లు. గొంతు ఆ మేరకు సన్నబడి కుర్రవాడి గొంతులా వినిపిస్తుంది. కరెంటు హమ్‌ను చూసి వేగం తేల్చవచ్చని చాలామంది చెబుతారు. ఇక్కడ అది పనికిరాదు. ఆ కాలపు మెషిన్లలో సింక్రనస్ మోటార్ ఉంటే, గ్రిడ్ 50 హెర్ట్జ్ నుంచి 49కి దిగినప్పుడు హమ్మూ 49కి దిగుతుంది, మోటారూ అంతే నెమ్మదిస్తుంది. ఆ టేపును సరైన వేగంలో ఆడిస్తే హమ్ శుభ్రంగా 50 చూపిస్తుంది, గొంతు మాత్రం శ్రుతి తప్పి ఉంటుంది.

రికార్డింగులో వాయించిన హార్మోనియం బ్రాడీపేట ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆరు శ్రుతి మెట్టు నొక్కి కొలిస్తే 436 వచ్చింది. రీడ్లు ఏళ్ళతో కొద్దిగా జారుతాయి కాబట్టి ఈ అంకెనే ప్రమాణం అనలేం. కానీ ఎల్పీకి 6 సెంట్ల దూరంలో, టేపుకి 28 సెంట్ల దూరంలో ఉంది. కాపీ తీసిన మెషినే తప్పు నడిచిందని నిర్ణయించి, మెషిన్ వేగాన్ని 1.25 శాతం తగ్గించి, ఆ తర్వాతే రికార్డ్ చేశాం. ముందు తీసేసి తర్వాత కంప్యూటర్‌లో శ్రుతి మాత్రం దించే సాధనాలు వాడకూడదు. అవి గొంతును ముక్కలు చేసి అతికిస్తాయి, గమకాల దగ్గర అతుకు వినిపిస్తుంది.

ఎల్పీ ఎందుకు, ఎంతవరకు

మూడు కాపీలు వచ్చాయి. ఒకటి ఎండాకాలంలో మేడ మీది గదిలో వంగిపోయింది. ఇంకోదాని రంధ్రం మధ్యలో లేదు: హార్మోనియం నిలకడ స్వరం 1.8 సెకన్లకోసారి ఊగింది, అది ఎల్పీ ఒక చుట్టు తిరిగే కాలం. వంద మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర రంధ్రం ఒక్క మిల్లీమీటర్ జరిగితే శ్రుతి 17 సెంట్లు అటూ ఇటూ ఊగుతుంది. మూడోదాన్ని వాడాం. తెల్లటి బూజు మచ్చలు ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు వెటింగ్ ఏజెంట్ కలిపి బ్రష్‌తో కడిగి, వాక్యూమ్‌తో పీల్చేశాం. ఎక్కువమంది చేసే తప్పు నీటిని గాలికి ఆరనివ్వడం. మురికి గాడిలోనే ఎండిపోతుంది. 78 రికార్డులైతే ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు, లక్క కరుగుతుంది.

ముల్లు: మామూలు స్టీరియో 18 మైక్రాన్ల ముల్లు గాడి అడుగున అరిగిన భాగంలో నడిచి చిటపటలు తెచ్చింది. 25 మైక్రాన్ల మోనో ముల్లు గోడల మీద కాస్త పైన, అరగని చోట కూర్చుంది. వేగానికి స్ట్రోబ్ చక్రం వాడాం, 50 హెర్ట్జ్‌కి 33⅓ దగ్గర 180 గీతలు. ఎల్‌ఈడీ బల్బు కింద గీతలు నిలబడి కనిపించకపోవచ్చు, నియాన్ దీపం కావాలి. ఆ సమయానికి గ్రిడ్ ఎంత ఉందో మల్టీమీటర్‌లో చూసుకోవాలి. ఏలూరు రోడ్డు లారీల అదురు 10 హెర్ట్జ్ దగ్గర రికార్డయ్యేది, అందుకే ఎల్పీ పని రాత్రి ఒంటిగంట తర్వాత. ఏసీ కంప్రెసర్, ఫ్యాన్, ఇన్వర్టర్ మూడూ ఆపి. చవక ఇన్వర్టర్ల చదరపు అల 50 హెర్ట్జ్ నుంచి పైకి దువ్వెన పళ్ళలా రొద పెడుతుంది.

ఎల్పీ చివరికి వాడింది రెండు చోట్లే: మొదటి స్పూల్‌లో ధ్వని పడిపోయిన 0.3 సెకన్ల డ్రాపౌట్, రెండో వైపు టేపు సాగిపోయిన 4 సెకన్లు. అతుకు తబలా దెబ్బ మీద పెట్టి, 30 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇచ్చి, ఎల్పీ ముక్క కింద టేపు హిస్‌ను కొద్దిగా పరిచాం. అది పరవకపోతే అతుకు దగ్గర నేపథ్యం ఒక్కసారి మారి చెవి పట్టేస్తుంది.

96 ఎందుకు, ఎక్కడ ఆగాలి

ఈ టేపులో సంగీతం 15 కిలోహెర్ట్జ్ దగ్గర హిస్‌లో కలిసిపోతుంది. హిస్‌కీ గట్టి స్వరానికీ మధ్య దూరం దాదాపు 60 డెసిబెల్స్; బిట్‌కి 6 చొప్పున అది 10 బిట్లు. నిజం చెప్పాలంటే వినేవాళ్ళకి 16/44.1 సీడీ చాలు. 24 బిట్లు పని చేసేవాళ్ళకి కావాలి: రికార్డింగులో శిఖరాలను −9 డెసిబెల్స్ దగ్గర భయం లేకుండా ఉంచుకోవడానికి, తర్వాతి లెక్కల్లో రౌండింగ్ తప్పులు వినబడే చోటికి రాకుండా. 96 కూడా అంతే, చిటపటలు గుర్తించడానికి పై జాగా ఉపయోగపడుతుంది. 192 తీస్తే రెండు చానెళ్ళకి 1.47 జీబీ కాస్తా 2.94 జీబీ అవుతుంది, చేరేది హిస్ మాత్రమే.

మొదటి ప్రయత్నంలో హిస్‌ను 10 డెసిబెల్స్ తగ్గించాం, అది తప్పు. "శ", "ష" రెండూ ఒకేలా వినిపించాయి, పద్యానికి అంతకన్నా చేటు ఇంకేముంది? తిత్తి గాలి పోయింది, దాంతో హార్మోనియం కీబోర్డులా మారింది. కుటుంబం ఏ తలుపు గురించి చెప్పారో అదే తలుపు సగం మూసినట్టయింది. వెనక్కి వెళ్ళి 2 డెసిబెల్స్‌తో ఆపాం, అదీ 9 కిలోహెర్ట్జ్ పైనే. హమ్‌కి 50, 100 హెర్ట్జ్ దగ్గర సన్నటి నాచ్‌లు (ఆ ఒక్క చోటే కోసే ఫిల్టర్లు) పెట్టి 150ని వదిలేశాం, అక్కడ గొంతు అడుగు స్వరాలున్నాయి. పద్యాల మధ్య ఖాళీల్లో డిజిటల్ నిశ్శబ్దం పెట్టలేదు, టేపు గది శబ్దమే కొనసాగింది. లిమిటర్ లేదు. తుది కొలతలు: −18.2 ఎల్‌యూఎఫ్‌ఎస్, ట్రూ పీక్ −1.4, డైనమిక్ రేంజ్ 13.

మోనో ఫైలును ఒక చానెల్‌గా ఇస్తే కొన్ని ప్లేయర్లు ఒక స్పీకర్‌లోనే పలికిస్తాయి. రెండు చానెళ్ళూ అక్షరాలా ఒకటేగా ఉంచి ఫ్లాక్ (ధ్వని నష్టం లేకుండా కుదించే ఫార్మాట్) చేస్తే, అది తేడా సున్నా అని గుర్తించి దాదాపు మోనో సైజుకే కుదిస్తుంది. ఈ ఆల్బమ్ 460 ఎంబీ అయింది. సీడీ వెర్షన్‌కి 44.1కి దించి, డిథర్ (రౌండింగ్ వక్రీకరణ రాకుండా కలిపే అతి చిన్న రొద) వేసి 16 బిట్లు. బ్లూటూత్‌లో వినేవాళ్ళకి రెండిట్లో ఏది ఇచ్చినా ఒకటే, అక్కడ ధ్వని మళ్ళీ కుదించబడుతుంది.

హక్కుల మాట ముందే తేల్చుకోవాలి. భారతీయ చట్టంలో రికార్డింగుకి విడుదలైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళు, అంటే 1974 రికార్డుకి 2034 చివరిదాకా. టేపు ఇంట్లో ఉన్నంత మాత్రాన విడుదల హక్కు కుటుంబానిది కాదు, రికార్డు కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి వచ్చాకే ఫైలు బయటికి వెళ్ళింది. పద్యాలకి వేరే లెక్క: తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు 1950లో కన్నుమూశారు కాబట్టి వారి పద్యాలు 2011 నుంచి అందరివీ.

ఫైలు వివరాల్లో ఏ టేపు, ఏ ఈక్వలైజేషన్, ఎంత వేగం మార్పు, ఎల్పీ నుంచి వచ్చిన రెండు ముక్కల నిమిషం సెకను, అన్నీ తెలుగులో రాసి పెట్టాం. ముట్టుకోని మొదటి రికార్డింగు వేవ్ ఫైళ్ళు, అవి చెడలేదని తేల్చే చెక్‌సమ్‌లతో సహా, రెండు వేర్వేరు డిస్కుల్లో ఒకటి విజయవాడలో, ఒకటి గుంటూరులో ఉన్నాయి. టేపులను చివరి కొస పైకి వచ్చేలా చుట్టి, సిలికా జెల్‌తో పాటు మూసిన పెట్టెలో నిలువుగా పెట్టి తిరిగి ఇచ్చాం. అలా చుడితే ఒక చుట్ట నుంచి పక్క చుట్టకి అంటుకునే నీడ శబ్దం స్వరానికి ముందు కాకుండా వెనక పడుతుంది, రాగం తాలూకు మోతలో కలిసిపోతుంది.